కుడి – కానన్, ఎడమ – కిరి : దారి చెప్పే మాటల కథ

"నోరు మంచిదైతే ఊరు మంచిది" అన్నారు మన పెద్దలు. కొత్త ఊళ్ళో కాలు పెట్టినవాడికి ఈ సామెత అక్షరాలా నిజం. ఆకలి వేస్తే పళ్ళెం చూపించి అడగవచ్చు. దాహం వేస్తే దోసిలి పట్టవచ్చు. దారి తప్పినప్పుడు మాత్రం నోరు విప్పక తప్పదు. అందుకు కావలసిన మాటలు పాతికకు మించవు. చిన్న కాగితం ముక్క మీద రాసుకొని జేబులో పెట్టుకోవచ్చు. అయితే ఆ పాతిక మాటల వెనుక పదమూడు వందల ఏళ్ళకు పైబడిన చరిత్ర ఉన్నది. అందులో మన తాతల చరిత్ర కూడా కొంత కలిసి ఉన్నది.

బడి సెలవులు రాగానే టాంపినీస్‌లోని మన కుటుంబాలు చాలా వరకు ఇండొనేషియాకు బయలుదేరుతాయి. తానా మేరా రేవు మనకు దగ్గరే. అక్కడ పడవ ఎక్కితే సుమారు గంటలో బాతాం, మరికొంత సేపటికి బింతాన్. అలా వెళ్ళేవారు కొందరు, "మాస్టారూ, దారి అడగడానికి నాలుగు మాటలు రాసివ్వండి" అన్నారు. రాయడం మొదలుపెట్టాను. ఒక్కొక్క మాట రాస్తుంటే ఒక్కొక్క సంగతి గుర్తుకు వచ్చింది. ఆ నాలుగు మాటలే ఈ వ్యాసమయ్యాయి. నా తెలుగు సాయంకాలపు తరగతిలో నేర్చినది కాబట్టి తప్పులుంటే పాఠకులు మన్నించాలి.

మన ఊరి పేర్లే మొదటి పాఠం

ఇండొనేషియా భాష మనకు పూర్తిగా కొత్తది కాదు. అది మలయ్ భాషకు తోబుట్టువు. సింగపూరులో ఇంటి నుంచి బయటికి అడుగు పెడితే మలయ్ మాటలు వీధి పలకల మీద కనబడుతూనే ఉంటాయి. మనం వాటిని రోజూ చదువుతాము గాని అర్థం తలచుకోము. జాలన్ అంటే దారి. లోరోంగ్ అంటే సందు. సింపాంగ్ అంటే దారులు చీలే చోటు. బుకిత్ అంటే కొండ, సుంగే అంటే ఏరు, తెలోక్ అంటే అఖాతం, తాంజోంగ్ అంటే సముద్రంలోకి పొడుచుకు వచ్చిన నేల. పాసిర్ అంటే ఇసుక. తానా మేరా అంటే ఎర్రమట్టి. పటాలు లేని రోజుల్లో పడవవాడికి, పల్లెవాడికి ఊరి పేరే దారి చెప్పేది. "ఎర్రమట్టి గట్టు కనబడేదాకా పో, అక్కడ దిగు" అన్నట్లు.

టాంపినీస్ కూడా అటువంటి పేరే. తెంపినిస్ అనే చెట్టు ఒకటి ఉన్నది. ఇనుము వంటి చేవ గల కలప దానిది. ఆ చెట్లు ఉన్న చోటు కాబట్టి ఏటికి, దారికి, ఊరికి ఆ పేరు వచ్చింది. 1970ల చివర ఇక్కడ కొత్త పట్టణం కట్టడం మొదలయ్యే దాకా ఇది పల్లెలు, తోటలు, ఇసుక తవ్విన గోతులు ఉన్న నేల. మనం సాయంత్రం నడకకు వెళ్ళే బెడోక్ జలాశయం కూడా ఒకప్పటి ఇసుక గొయ్యే. 1989లో రైలు వచ్చింది. 1992లో మన పట్టణానికి ప్రపంచ నివాస బహుమతి వచ్చింది.

కొత్త పట్టణంతో పాటు దారి చెప్పే పద్ధతి కూడా మారిపోయింది. టాంపినీస్‌లో వీధి నంబరులోని మొదటి అంకె, బ్లాకు నంబరులోని మొదటి అంకె ఒకటిగా ఉండేటట్లు ఏర్పాటు చేశారు. స్ట్రీట్ 21లో బ్లాకులు రెండుతో మొదలవుతాయి, స్ట్రీట్ 81లో ఎనిమిదితో మొదలవుతాయి. తెలివైన ఏర్పాటే. తపాలా బంట్రోతుకు, టాక్సీవాడికి ఎంతో సుఖం. కాని అంకెలు వచ్చిన తరువాత "కుడికి తిరుగు, ఆ చింతచెట్టు దాటాక రెండో ఇల్లు" అని చెప్పుకొనే అవసరం మనకు తగ్గిపోయింది. అవసరం తగ్గితే మాట కూడా మెల్లగా తప్పుకుంటుంది.

జేబులో పెట్టుకోవలసిన మాటలు

ఇక అడిగిన పాఠం. ఈ మాటలు బాతాం నుంచి బాలి దాకా పనికి వస్తాయి. ఒకటి రెండు తప్ప మన సింగపూరు, మలేషియాలలోను చెల్లుతాయి.

కిరి – ఎడమ
కానన్ – కుడి
తెరుస్, లురుస్ – నేరుగా, తిన్నగా
బెలోక్ – మలుపు తిరుగు
బెర్హెంతి – ఆగు
దెపాన్ – ముందు
బెలాకాంగ్ – వెనుక
సెబెలా – పక్క
సెబెరాంగ్ – అవతలి వైపు
దెకత్ – దగ్గర
జావు – దూరం
సిని, సితు, సానా – ఇక్కడ, అక్కడ, అల్లంత దూరాన
మానా – ఏది, ఎక్కడ
ఉతారా, సెలాతాన్, తిమూర్, బారత్ – ఉత్తరం, దక్షిణం, తూర్పు, పడమర

వీటిని కలపడం కష్టం కాదు. మనం బజారులో, బజారుకు, బజారు నుంచి అని మాటకు చివర తోక తగిలిస్తాము. వారు ముందు తల పెడతారు. ది పాసర్ అంటే బజారులో, కె పాసర్ అంటే బజారుకు, దారి పాసర్ అంటే బజారు నుంచి. ఈ మూడూ పట్టుబడితే సగం భాష వచ్చినట్లే. "కె మానా?" అంటే ఎక్కడికి, "దారి మానా?" అంటే ఎక్కడి నుంచి. వారి 'దారి' మన 'దారి' కాదు సుమా! చెవికి ఒకటే అయినా అర్థం వేరు.

ఆ పాసర్ అన్న మాట మన బజారే. పారసీక భాష నుంచి ఒక కొమ్మ మన వైపు వచ్చింది, ఒక కొమ్మ ఓడలెక్కి ఇటు వచ్చింది. ఇటువంటి చుట్టాలు దారి పొడుగునా కలుస్తారు. కోతా అంటే పట్టణం, మన కోట. జకార్తాలో పాత బస్తీకి వట్టి కోతా అనే పేరు. దేసా అంటే పల్లె, మన దేశం అక్కడ పల్లె అయి కూర్చున్నది. ఇస్తానా అంటే రాజభవనం, మన ఆస్థానం. మన అధ్యక్షుల భవనం పేరు కూడా అదే గదా. ముకా అంటే ముఖం, ముందు భాగం. గుదాంగ్ అంటే సరుకు దాచే చోటు, మన గిడ్డంగికి దగ్గరి చుట్టం. కోలాం అంటే నీటి గుంట. తమిళుల కుళం, మన కొలను, వారి కోలాం ఒక్క కుటుంబమే. బింతాన్ మీది తాంజోంగ్ పినాంగ్‌లో పడవ దిగగానే రేవు పేరు శ్రీ బింతాన్ పురా అని కనబడుతుంది. శ్రీకారంతో మొదలై పురంతో ముగిసే ఊరిలో మనం పరాయివాళ్ళం ఎలా అవుతాము?

రాతి మీద ఒక ప్రయాణం

సుమాత్రాలోని పాలెంబాంగ్ దగ్గర 1920లో ఒక శాసనం బయటపడింది. దానిని కెదుకాన్ బుకిత్ శాసనం అంటారు. శకం 605, అంటే క్రీస్తు శకం 682–83 నాటిది. పాత మలయ్ భాషలో ఇంతవరకు దొరికిన రాతల్లో ఎంతో ప్రాచీనమైనది. అది ఒక ప్రయాణం కథ. శ్రీవిజయ రాజు ఒకడు ఓడల మీద, కాలినడకన సేనను నడిపించుకొని వెళ్ళిన వృత్తాంతం. కొందరు ఓడల మీద వెళ్ళారట, కాలినడకన 1312 మంది వెళ్ళారట. ఆ కాలినడకకు వాడిన మాట జాలన్. ఎక్కడి నుంచి బయలుదేరినదీ చెప్పడానికి వాడిన మాట దారి. సేన ఎంతో చెప్పడానికి వాడినది మన లక్ష అనే మాట. అంటే ఇవాళ మన పిల్లవాడు బాతాంలో టాక్సీవాడితో చెప్పే మాటలు పదమూడు శతాబ్దాల కిందట రాతికెక్కినవే.

ఆ శాసనం పల్లవ లిపిలో ఉన్నది. పల్లవుల తొలి శాసనాల్లో ఒకటి గుంటూరు సీమలోని మంచికల్లులో దొరికింది. దక్షిణాపథపు బ్రాహ్మి నుంచి మన తెలుగు లిపి ఒక దారిన నడిచింది, జావా, సుమాత్రాల పాత లిపులు మరొక దారిన నడిచాయి. పుట్టిల్లు ఒక్కటే.

తరువాతి శతాబ్దాల్లో మలయ్ రేవుల భాష అయింది. మలక్కా రేవులో గుజరాతీలు, చీనులు, అరబ్బులు, కళింగ తీరం నుంచి, చోళమండలం నుంచి వచ్చిన వర్తకులు ఒకరితో ఒకరు ఈ భాషలోనే బేరమాడారు. చక్కని వ్యాకరణం గల మలయ్ రాజసభల్లో ఉండేది. మాటకు మాట అతికించిన బజారు మలయ్ రేవుల్లో ఉండేది. బింతాన్ పక్కనే పెంయెంగత్ అనే చిన్న దీవి ఉన్నది. అక్కడ రాజా అలీ హాజీ అనే పండితుడు 1857లో మలయ్ భాషకు ఒక వ్యాకరణ గ్రంథం రచించారు. ఇండొనేషియా వారు ఆయనను 2004లో జాతీయ వీరుడిగా ప్రకటించారు. మన తానా మేరా నుంచి పడవలో వెళ్ళి చూసి రాగలిగినంత దగ్గరలో ఈ భాష ఇల్లు ఉన్నది.

1928 అక్టోబరు 28న బతావియా నగరంలో యువజనులు సమావేశమై ఒకే దేశం, ఒకే జాతి, ఒకే ఐక్యభాష అని ప్రతిజ్ఞ చేశారు. ఆ భాషకు ఇండొనేషియా భాష అని పేరు పెట్టారు. ఆ దీవుల్లో జావా భాష మాట్లాడేవారే అందరికంటె ఎక్కువ. అయినా ఐక్యభాషగా ఎంచుకున్నది జావా భాషను కాదు, రేవుల్లో తిరిగిన మలయ్‌ను. ఎక్కువమందికి ఇంటి భాష కాని భాషలో అందరికీ చోటు దొరికింది. 1945 నాటి రాజ్యాంగం 36వ అధికరణంలో దానిని రాజ్యభాషగా రాసుకున్నారు. 1972లో ఇండొనేషియా, మలేషియా తమ వర్ణక్రమాన్ని సవరించుకున్నాయి. అంతకు ముందు ఇండొనేషియావారు జాలన్ అన్న మాటను డచ్చి పద్ధతిలో డి, జె అనే రెండు అక్షరాలతో మొదలుపెట్టేవారు. ఆనాటి నుంచి జె ఒక్కటే చాలింది. పాత పటం చేతికి వస్తే కంగారు పడనక్కర లేదు.

సింగపూరు మాటకు వస్తే మన జాతీయ భాష మలయ్. జాతీయ గీతానికి మాట, పాట కూర్చిన జుబిర్ సయిద్ 1907లో సుమాత్రాలోని బుకిత్తింగిలో పుట్టారు. ఆ ఊరి పేరుకు ఎత్తయిన కొండ అని అర్థం. 1967లో నిర్బంధ సైనిక శిక్షణ వచ్చిన తరువాత మన ఇళ్ళలోని మగపిల్లలందరూ కవాతు మైదానంలో "కె కిరి పుసింగ్! కె కానన్ పుసింగ్!" అనే ఆజ్ఞలు విని తిరిగినవాళ్ళే. నేను కూడా ఎండలో నిలబడి అలా తిరిగాను. మన కుటుంబాల్లో తెలుగు మరచిన యువకుడు ఉండవచ్చు గాని కిరి, కానన్ మరచిన యువకుడు ఉండడు.

కళింగ నుంచి, కోరంగి నుంచి

మనవాళ్ళు ఈ మాటలు బడిలో నేర్వలేదు. బతుకు నేర్పింది.

మలయ్‌లో దక్షిణ భారతీయులను కెలింగ్ అనేవారు. కళింగ అనే మన తీరం పేరు నుంచి వచ్చిన మాట అది. పూర్వం గౌరవంగానే ఉండేది. పోను పోను అందులో చులకన చేరింది. సింగపూరులో ఆ పేరు గల వీధిని 1920లలో చూలియా వీధిగా మార్చారు. సుమాత్రాలోని మెదాన్ నగరంలో కాంపుంగ్ కెలింగ్ అనే పేట కాంపుంగ్ మద్రాస్ అయింది. బర్మాలో మనవాళ్ళను కోరంగీలన్నారు, మారిషస్‌లోనూ ఆ పేరే. గోదావరి ముఖంలోని కోరంగి రేవు పేరది. చూడండి, ఎక్కడికి పోయినా మనల్ని పిలిచిన పేరు మనం బయలుదేరిన చోటు పేరే. "దారి మానా?" అన్న ప్రశ్నకు జవాబు మన నుదుటి మీద రాసి పంపినట్లు ఉన్నది.

మలయాకు ఎక్కువమంది తెలుగువారు తోట కూలీలుగా వచ్చారు. 1910 దాకా ఒప్పంద కూలి పద్ధతి ఉండేది, తరువాత కంగాణీల ద్వారా తరలింపు సాగింది. కూలీల తరలింపును 1938లో భారత ప్రభుత్వం ఆపివేసింది. దక్షిణ పెరాక్‌లోని బగాన్ దాతో, తెలుక్ ఇంతాన్ ప్రాంతాల కొబ్బరి తోటల్లో తెలుగు పలుకు బాగా వినబడేది. 1926లో నీట దిగిన రజుల అనే ఓడ మద్రాసు, నాగపట్నం రేవుల నుంచి పినాంగుకు, సింగపూరుకు దాదాపు అర్ధశతాబ్దం తిరిగింది. 1955లో మలయాలో ఆంధ్ర సంఘం, 1975లో సింగపూరులో తెలుగు సమాజం ఏర్పడ్డాయి. అంతవరకు మన భాషకు ఇల్లే సంఘం, ఇల్లే బడి.

మా తాత శ్రీకాకుళం వైపు పల్లె నుంచి ఇరవై ఏళ్ళ వయసులో వచ్చి పెరాక్ తోటలో దిగారు. ఆయనకు రాయడం రాదు. కంగాణీతో తమిళం, దుకాణంలో బజారు మలయ్, ఇంట్లో ఉత్తరాంధ్ర తెలుగు మాట్లాడేవారు. మూడూ కలిసిన ఒక తోట భాష కూడా ఉండేది. "సింపాంగు కాడ కిరికి తిరిగితే మా లైను" అనేవారు. సింపాంగు మలయ్, లైను ఇంగ్లీషు, తిరగడం మాత్రం తెలుగు. తెలుగు విభక్తి మలయ్ మాటకు ఎంత చక్కగా అతుక్కున్నదో ఆయనకు తెలియదు. నాకు తెలియడానికి యాభై ఏళ్ళు పట్టింది.

తెలిసిన మాటే తల తిప్పింది

మలయ్ వచ్చు గదా అనే ధీమాతో ఇండొనేషియాకు వెళ్ళేవారికి ఒక హెచ్చరిక. నేను యోగ్యకర్తలో బెచా అనే మూడు చక్రాల బండి ఎక్కాను. కూడలి రాగానే కవాతు మైదానంలో నేర్చిన పాఠం గుర్తు తెచ్చుకొని "పుసింగ్ కానన్!" అన్నాను. బండివాడు వెంటనే ఆపి, నా ముఖంలోకి జాలిగా చూసి, ఎదురుగా ఉన్న కొట్టు నుంచి వేడి తేనీరు తెప్పించాడు. మనకు పుసింగ్ అంటే తిరగడం. వారికి పుసింగ్ అంటే తల తిరగడం! బెలోక్ అనాలని ఆ తేనీరు తాగుతూ నేర్చుకున్నాను. అలాగే బిసా అన్న మాట. మన మలయ్‌లో అది విషం, సంస్కృత విషమే. ఇండొనేషియాలో రోజువారీ మాటల్లో బిసా అంటే వీలవుతుంది, చేయగలను అని. "అక్కడికి వెళ్ళడం బిసా?" అంటే భయపడవద్దు.

ఇంకొక సంగతి. అక్కడి ఊళ్ళలో అంకోత్ అనే చిన్న బండ్లు తిరుగుతాయి. దిగవలసిన చోటు రాగానే ఆపు అని ఎవరూ అనరు, "కిరి!" అంటారు. అక్కడా బండ్లు రోడ్డుకు ఎడమ పక్కనే నడుస్తాయి కాబట్టి ఎడమకు తీసి ఆపు అని అర్థం. నేను ఇది తెలియక రెండు వీధులు అదనంగా ప్రయాణం చేశాను. నా పక్కన కూర్చున్న బడిపిల్ల నా అవస్థ చూసి "కిరి!" అని ఒక్క కేక వేసి నన్ను దింపింది. ఉపాధ్యాయుడికి విద్యార్థిని పాఠం చెప్పింది.

మాటలతో పాటు మర్యాద కూడా నేర్వాలి. దారి అడిగేటప్పుడు ఇక్కడ "తుంపాంగ్ తాన్యా" అని, అక్కడ "నుంపాంగ్ తాన్యా" అని మొదలుపెడతారు. తుంపాంగ్ అంటే పోయే బండిలో కాస్త చోటు అడిగి ఎక్కడం. తాన్యా అంటే ప్రశ్న. మీ దారిన మీరు పోతున్నారు, నా ప్రశ్నకు కాస్త చోటివ్వండి అన్నట్లు ఉన్నది. ఇంత అందమైన అడగడం నేను మరే భాషలోనూ వినలేదు. తరువాత వరస కలపాలి. ఇండొనేషియాలో పెద్దవారిని పా, బూ అంటే నాన్న, అమ్మ. మన వైపు పాక్‌చిక్ అంటే చిన్నాన్న, మాక్‌చిక్ అంటే పిన్ని. దారిన పోయేవారిని బాబాయి, పిన్ని అని పిలిచే అలవాటు మన పల్లెలదీ అదే గదా. ఇక దారి చూపేటప్పుడు చూపుడు వేలు మొరటు. కుడిచేతి పిడికిలి ముడిచి బొటనవేలితో చూపుతారు. ఎడమ చేత్తో ఇవ్వరు, పుచ్చుకోరు. ఈ చివరి నియమం మన నాయనమ్మలు మన చేతుల మీద కొట్టి నేర్పినదే.

తూర్పు తెలిసినవారు

యోగ్యకర్తలో దారి అడిగితే కుడి, ఎడమ చెప్పేవారు తక్కువ. "ఉత్తరానికి పో, తరువాత తూర్పుకు తిరుగు" అంటారు. జావా భాషలో లోర్ ఉత్తరం, కిదుల్ దక్షిణం, వెతాన్ తూర్పు, కులోన్ పడమర. ఆ నగరాన్ని అలా కట్టారు. ఉత్తరాన మెరాపీ అగ్నిపర్వతం, దక్షిణాన సముద్రం, మధ్యలో సుల్తాను కోట, వాటిని కలుపుతూ తిన్నని గీత. 2023లో యునెస్కో ఆ గీతనే ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. యోగ్య అన్న పేరు మన అయోధ్య నుంచి వచ్చింది. అక్కడి పిల్లవాడు కొండ ఎటుందో చూసి దిక్కు తెలుసుకుంటాడు.

ఇది వింటే మన పల్లెలు గుర్తు రావడం లేదా? తూర్పు వీధి, పడమటి ఇల్లు, దక్షిణపు గుమ్మం, ఉత్తరపు పొలం. అక్కడ మంచం కూడా తూర్పు పక్కకు జరుపుతారు గాని కుడి పక్కకు జరపరు. ఒక పోలిక చూడండి. తెలుగులో తూర్పు, పడమర మన సొంత మాటలు. పడమర అంటే పొద్దు పడే వైపు. ఉత్తరం, దక్షిణం సంస్కృతం ఇచ్చినవి. మలయ్‌లోనూ తిమూర్, బారత్ వారి సొంత మాటలే, కాలం మారినప్పుడు వీచే గాలుల పేర్ల నుంచి వచ్చినవి. ఉతారా మాత్రం సంస్కృతం. సెలాతాన్ అన్నది సెలాత్, అంటే జలసంధి అనే మాట నుంచి వచ్చిందని నిఘంటుకారులంటారు. ఆ జలసంధి మనదే, సింగపూరు ముందున్నదే. రెండు జాతులూ పొద్దును, గాలిని చూసి తూర్పు పడమరలను తామే పేరు పెట్టి పిలుచుకున్నాయి. ఉత్తరాన్ని మాత్రం రెండూ ఒకే ఇంటి నుంచి అరువు తెచ్చుకున్నాయి.

ఇప్పుడు నేను చెప్పవలసిన అసలు సంగతికి వచ్చాను.

1986లో మా కుటుంబం టాంపినీస్‌లో కొత్త ఇంటికి మారింది. తాతకు అప్పటికి ఎనభై దాటింది. అన్ని బ్లాకులూ ఒకే రంగు, ఒకే ఎత్తు. మొదటి వారంలోనే ఒకసారి ఆయన నాకు, "తూర్పేపు ఎల్లి, సందుకాడ దచ్చినానికి తిరిగితే గదరా బజారు?" అన్నారు. నాకు వచ్చిన తెలుగు రా, పో, తిను, పడుకో. తూర్పేపు ఏమిటో, దచ్చినం ఏమిటో నాకు తెలియదు. తల ఊపి నా పనిలో నేను పడ్డాను. ఆయన మళ్ళీ అడగలేదు.

మరునాటి సాయంత్రం ఆయన బయటికి వెళ్ళి తిరిగి రాలేదు. చీకటి పడేదాకా వెతికాము. చివరికి ఒక మలయ్ పెద్దావిడ ఆయనను మా గుమ్మం దాకా తెచ్చి దింపింది. ఆయన ఏదో బ్లాకు కింద కూర్చొని ఉన్నారట. బ్లాకు నంబరు అడిగితే తెలియదన్నారట. అప్పుడు ఆమె, పల్లెలో పెరిగిన మనిషి కాబట్టి, వాకిలి ఎటు చూస్తుందని అడిగిందట. "తిమూర్" అన్నారు తాత. బజారు ఎటు? "బారత్." ఆ రెండు మాటలు పట్టుకొని ఆమె ఒక్కొక్క బ్లాకు చూస్తూ ఆయనను నడిపించుకొని వచ్చింది. నా దగ్గర దొరకని తూర్పు ఆయనకు దారిన పోయే మాక్‌చిక్ దగ్గర దొరికింది.

ఆమెకు మా అమ్మ కాఫీ ఇచ్చింది. తాత ఆమెను చెల్లీ అని పిలిచారు, తెలుగులోనే. ఆమెకు అర్థమైనట్లే నవ్వింది. నేను మాత్రం ఆ రాత్రి నిద్రపోలేదు. ఆయన మాటకు నేను తల ఊపిన సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఇవాళ మొదటిసారి రాస్తున్నాను.

మా కాలంలో బడిలో మాతృభాషగా తెలుగు తీసుకునే వీలు లేదు. మలయ్, తమిళం చదివాము, మంచిదే అయింది. చాలా ఏళ్ళకు, తాత పోయిన తరువాత, సాయంకాలపు తెలుగు తరగతిలో చేరాను. అక్షరాలు అయిన తరువాత మొదటి పాఠాల్లో ఒకటి దిక్కుల పాఠం. తూర్పు అన్న మాట నల్లబల్ల మీద చూసినప్పుడు నాకు గొంతు పట్టుకున్నది. దచ్చినం అంటే దక్షిణం అని ఆ రోజే తెలిసింది.

పిల్లలకు ఒక విన్నపం

మన ఇళ్ళలో తెలుగు ఎలా తగ్గిపోయిందో గమనిస్తే ఒక వరస కనబడుతుంది. తిండి మాటలు చివరిదాకా ఉంటాయి. పప్పు, పులుసు, పచ్చడి నాలుగో తరానికి కూడా తెలుసు. దేవుడి మాటలు, వరసలు మరికొంత కాలం నిలుస్తాయి. దారి మాటలు మాత్రం అందరికంటె ముందు పోతాయి. ఎందుకంటే అవి ఇంటి బయటి మాటలు, ఇంటి బయట మనకు తెలుగు అవసరం లేదు. కుడి, ఎడమ, తూర్పు, పడమర పోయిన తరువాత తెలుగు వంటగదిలో కూర్చొని ఉంటుంది. అది బయటికి నడవలేదు.

కాబట్టి సెలవుల్లో ఇండొనేషియాకు వెళ్ళే తల్లిదండ్రులకు నా మనవి. పై పట్టికను పిల్లల చేత చదివించండి. ఒక పక్క కిరి, కానన్ ఉన్నాయి, మరొక పక్క ఎడమ, కుడి ఉన్నాయి. రెండూ కలిపి నేర్పించండి. బాతాంలో కూడలి దగ్గర టాక్సీవాడితో "బెలోక్ కిరి" అనమనండి. మీతో "ఎడమకు తిరగమన్నాను" అని చెప్పమనండి. ఒక్క మలుపుకు రెండు భాషలు. ఖర్చు లేదు, బరువు లేదు.

ఈ రెండింటిలో ఏదీ మనకు పరాయిది కాదు. ఒకటి మన తాతలు బయలుదేరిన ఊరి మాట, రెండోది వారు వచ్చి చేరిన ఊరి మాట. "దారి మానా?" అని ఎవరైనా అడిగితే చెప్పడానికి మొదటిది కావాలి. "కె మానా?" అని అడిగితే చెప్పడానికి రెండోది కావాలి.

మీ ఇంట్లో ఇంకా ఒక తాతగారో నాయనమ్మగారో ఉంటే, ఈ సంచిక మూసి వారి దగ్గరకు వెళ్ళండి. మన గుమ్మం ఎటు చూస్తుందని వారిని అడగండి. వారు చెప్పే మాట విని తల ఊపి ఊరుకోకండి. అర్థం కాకపోతే మళ్ళీ చెప్పమనండి.